పదిన్నర ఇంచీలు

ఆదోనిలో పత్తి లారీలు తిరిగే దినాలు.
మిల్లు దూది గాలికొచ్చి
నా మిషను మీద, నా తల మీద,
టీ గ్లాసులో గూడా వాలతాంటుంది.
అట్లాంటి ఒక మధ్యాన్నం
సుంకన్న సారు భూగోళాన్ని సంకలో పెట్టుకోని
అంగడి మెట్టెక్కినాడు.

"కాశింబీ, ఎర్రదారం కావల్ల. ఒక మూర చాలు.
బడిలోది ఎలకలు కొరికేసినాయి."
వెనకాల ఉరుకుందమ్మ, ఎనిమిదో తరగతి.
బడి చొక్కాకు రెండో గుండీ లేదు,
ఆ సందున పిన్నీసు.

దేనికి సారూ అంటే
సిడ్నీ నుంచి సాంటియాగోకి
విమానం ఎంత దూరం పోతుందో కొలవల్లంట.
రెండూ యాడుండాయో నాకు తెలీదు.
చూపిచ్చినాడు: ఒకటి సముద్రానికి ఈ గట్టున,
ఇంగోటి ఆ గట్టున,
నడుమంతా నీలం, అతుకు లేని తాను.

"పటంలో అయితే నేరుగా అడ్డం పోవల్ల గదా సార్"
అనింది పిల్ల.
సారు రెండు కొసలూ పట్టి బిగించినాడు.
దారం అడ్డంగా నిలబడలా.
జారి, జారి, కిందికి,
తెల్లగా మంచు పూసిన పక్కకు పోయి
ఆడ బిగుసుకునింది.
"ఇదే దగ్గిర దావ" అన్నాడు సారు
ఏదో కొత్త సంగతి చెప్పినట్ల.

నాకు నవ్వొచ్చింది.
కాగితం పరిచి గీస్తే నేరుగీత,
మనిషి భుజమ్మీద వేస్తే వంపు.
ముప్పై రెండేండ్లు నేను కత్తిరించిందంతా
ఆ వంపునే గదా.
గూనివీపు నాగేంద్రమ్మకు ఒక రవిక కుట్టమను సారును,
భూమి సంగతి ఇంగా బాగా తెలుస్తుంది.

కొలత కాడికి తెంచి దారాన్ని నా టేపు మీద పరిచినాడు.
పదిన్నర ఇంచీలు.
ఇంచీకి వెయ్యీ ఎనభై కిలోమీటర్లని
పిల్ల నా సుద్దముక్కతో కత్తిరింపు పలక మీద
లెక్కేసింది.
పదకొండు వేల మూడువందల నలభై.
పన్నెండు గంటలకు పైగా నీళ్ళ మీదే.
నాకు మాత్రం అది
మోచేతి దాకా వచ్చే రవిక చెయ్యి.
అంతే.

ఇంగో వింత చెప్పినాడు సారు.
మధ్యాన్నం సిడ్నీలో ఎక్కినోళ్ళు
అదే దినం, ఎక్కిన టయానికంటే ముందే
సాంటియాగోలో దిగుతారంట.
నీళ్ళ నడుమ దినం మారే గీత ఉండాదంట.
"ఆ గీతేదో నా అంగట్లో గీయి సారూ,
మొన్నటికే ఇయ్యాల్సిన రవికలు మూడుండాయి" అన్నా.

నవ్వులు అయిపోయినాక
ఉరుకుందమ్మ దారం అందుకోని
"సార్, ఆదోని నుంచి గుంటూరుకు?" అనింది.

సారు మాట్లాడలా.
తనే పెట్టి చూసుకునింది,
గోటితో పట్టి టేపు మీదకు తెచ్చింది.
ఇంచీలో మూడో వంతు.
చొక్కా గుండీ అంత గూడా లేదు.

ఆ కాసింత దూరం
టెంపోలో ఇరవై మంది, రాత్రంతా, నిలబడే.
మిరపకాయల మంటకు
అరచేతులు తడిగుడ్డలో చుట్టుకోని పండుకునే దినాలు మూడు నెలలు.
తిరిగొచ్చేతలికి హాజరు పట్టీలో
ఆ పేరు పక్కన వరసగా గైర్హాజరు,
లెక్కల పుస్తకంలో తొమ్మిది పాఠాలు
ఆకు తిప్పకుండానే ఉండాయి.

"ఈ ఏడు గూడా పోతారా?" అని సారు మెల్లగా అడిగె.
"మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చిపోయినాడు సార్."

భూగోళాన్ని బల్ల మీద పెట్టినాడు.
పీట సరిగ్గా లేదేమో, ఒక పక్కకు ఒరిగి
సముద్రమంతా పైకొచ్చింది.

నేను గుండీల డబ్బా దేవులాడినా.
తెల్లగుండీ దొరికింది.
తెల్లదారం కండె పొద్దున్నే అయిపోయింది.
ఆ ఎర్రదారాన్నే
సిడ్నీ కొస సూదిలోకి ఎక్కిచ్చి
సాంటియాగో కొసన ముడేసి
పిల్ల మీదున్న చొక్కాకే కుట్టినా.
"ఎర్రగా కనపడతాది గదే?"
"కనపడనీలే" అనింది.

మిగిలింది పండ్లతో తెంపినా.
నాలుగించీలు ఉంటుందేమో.
నీళ్ళ మీద అది యాడికొస్తుందో
నేను అడగలా.